గడియ ఆగవే

రేగులంకలో ఊడ్పులు మొదలైతే పల్లెలో ఆడవాళ్ళకి గట్టుమీదే తెల్లారేది. చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని, చంటిపిల్లల్ని పెద్దపిల్లల చంకలకెత్తి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని చేలోకి దిగేవాళ్ళు. నారుకట్టలు విసిరేవాడు విసురుతుంటే, వంచిన నడుము ఎత్తకుండా, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నాటుకుంటూ వెనక్కి నడిచేవాళ్ళు. ఆ వరసకి పెద్ద జ్ఞానమ్మ. ఆమె పాట ఎత్తుకోందే ఎవరి చెయ్యీ బురదలోకి వెళ్ళేది కాదు.

నాగాయలంక దాటి సముద్రం వేపు వెళ్తే ఆ చివర ఉంటుంది రేగులంక. అక్కడి వరి, నాటినప్పుడు విన్న పాటని మరిచిపోదు. వేరు పట్టి పచ్చబడగానే సన్నగా కూనిరాగం తీస్తుంది. పొట్టకొచ్చేసరికి మాటలు తెలుస్తాయి. కోత కోశాక గింజ నోరు మూసుకుంటుంది. మళ్ళీ ఎసట్లో పడ్డాకే, అన్నం ఉడికేదాకా ఆ పాటే పాడి ఆగిపోతుంది. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. బడిపంతులుగారు ఎకరం పొలం కొనుక్కున్న ఏడు, కూలీలు దొరక్క బడిపిల్లల్ని దింపితే, ఆ చేను కోతలదాకా ఎక్కాలు చదివింది, పిల్లలు చదివిన తప్పులతో సహా. గుడివాడ మిల్లులవాళ్ళు గుప్పెడు బియ్యం ఉడకబెట్టించి, పాట విని మరీ బేరం చేసేవాళ్ళు. పాట లేకుండా నాటిన మూగచేను బియ్యం మాత్రం ఎవరికీ పట్టేది కాదు. అన్నం ఉడికిందో లేదో ఎట్లా తెలుస్తుందని ఇంట్లో ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

ఆ ఏడు శ్రావణంలో జ్ఞానమ్మ పాడనంది.

ఊరి కామందు గోవర్ధనరావుగారి మనిషి కొండలరావు పొద్దున్నే వచ్చి ఆమె తడక ముందు నిలబడ్డాడు. పొలాల్లో కూలీలని పిలిచేదీ, పని చూసుకునేదీ అతనే.

"దమ్ము చేసిన చేను ఎండకి గట్టిపడిపోతోంది జ్ఞానమ్మత్తా. పనికి రానంటే రానను. వస్తానంటావు, పాడనంటావు. ఇదెక్కడి గొడవ?"

"కూలి నాటేదానికి ఇస్తన్నారు. పాడేదానికి ఎప్పుడన్నా ఇచ్చారా?"

"అది కాదత్తా. మేడ ఎదురుగా ఉన్న ఇంటిచేను మూగదైతే కామందు ఊరుకుంటాడా? వచ్చే మాఘంలో వాళ్ళ అమ్మాయికి తాంబూలాలు."

"నా మొగుడికి ఇంకా ఏడాది తిరగలేదు. నా నోట పాట రాదని చెప్పు పో."

కొండలరావు తల గోక్కున్నాడు. ఆమె మొగుడు యేసుదాసు మాట రాగానే వెనుదిరిగాడు. పోయినేడు గాలివానప్పుడు కొండలరావు కూడా కామందు మేడలోనే ఉన్నాడు.

జ్ఞానమ్మకి కోపం మొగుడు పోయినందుకు ఒక్కటే కాదు. ఆ కోపాన్ని ఎటు తిప్పినా పోయి పోయి ఒక పాట మీద పడేది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నోట్లో నానిన పాట అది. పల్లెలో ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో తెలియదు.

*తలుపు తియ్యి తలుపు తియ్యి మేడలో తల్లీ*
*తడిసొచ్చిన పిల్లనమ్మా తలుపు తియ్యవే*

అంటుంది బయట ఉన్న పిల్ల. లోపలున్నామె అడుగుతుంది:

*ఎవరి పిల్లవే నువ్వు, ఎంత తడిసొచ్చావే?*
*గడియ పట్టి ఉన్నదే, గడియ ఆగవే*

మోకాటికి వచ్చెనమ్మా, తలుపు తియ్యవే అంటుంది పిల్ల. గడియ పట్టి ఉన్నదే, గడియ ఆగవే అంటుంది లోపలామె. నడుముకి వచ్చెనమ్మా అంటుంది పిల్ల. మళ్ళీ అదే జవాబు. మెడకి వచ్చెనమ్మా అంటుంది. మళ్ళీ అదే జవాబు. అక్కడితో పాట అయిపోతుంది.

చిన్నప్పుడు అది ఆట. ఇద్దరు పిల్లలు చేతులు కలిపి తలుపవుతారు. మిగిలినవాళ్ళు మోకాళ్ళు తట్టుకుంటూ, నడుము తట్టుకుంటూ, మెడ పట్టుకుంటూ వస్తారు. ఆఖరికి అందరూ "బుడుంగు!" అని కింద కూలబడతారు. గడియ అంటే తలుపు గడియా, గడియసేపా అని ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్ళు. జ్ఞానమ్మ నాయనమ్మ ఒక్కతే, ఈ పాట వినపడితే చేస్తున్న పని వదిలి లేచి వెళ్ళిపోయేది. ఒకసారి చేట విసిరికొట్టింది కూడా. ముసలిదానికి పిల్లలంటే పడదనుకున్నారు.

పెళ్ళయిన కొత్తలో అదే పాటకి ఒళ్ళు ఝల్లుమనేది. నాట్లప్పుడు జ్ఞానమ్మ చేలోంచి "తలుపు తియ్యి" అంటే, నారు మోసుకొచ్చే యేసుదాసు గట్టుమీంచి లోపలామె గొంతు పెట్టి "గడియ ఆగవే" అనేవాడు. ఆడవాళ్ళంతా విరగబడి నవ్వేవాళ్ళు. నీళ్ళు కట్టి తడిసి ముద్దయి ఇంటికొచ్చినప్పుడు అతను తడక బయట నిలబడి పాట మొదలుపెడితే, లోపల్నించి గడియ ఆగమనటం జ్ఞానమ్మ వంతు. అప్పుడు ఆ గడియ ఎంత బాగుండేదో.

రూతు పుట్టాక అది నీళ్ళుపోసే పాటైంది. కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకుని, ఒక చెంబు మోకాళ్ళకి, ఒక చెంబు నడుముకి, ఒక చెంబు మెడకి. పిల్ల కేరింతలు కొట్టేది.

ఇన్ని తీపి రోజులు తిన్న పాట, పోయినేడు కార్తీకంలో ఒక్క పూటలో అసలు మొహం చూపించింది.

గాలివాన పట్టిన మర్నాడు తెల్లారుతూనే పెద్దకాలవకి గండి పడింది. అవతల్నించి సముద్రప్పోటు. పల్లె ఊరికి పల్లాన ఉంటుంది. నీళ్ళు ముందొచ్చేదీ ఆఖర్న పోయేదీ అక్కడికే. ఇళ్ళు కూలుతుంటే పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎత్తుకుని అందరూ గోవర్ధనరావుగారి మేడ దగ్గరికి పరిగెత్తారు. ఊరికంతటికీ అదొక్కటే మేడ. ఊళ్ళోవాళ్ళు అప్పటికే లోపలికి చేరిపోయారు. కిటికీల్లోంచి మొహాలు కనిపిస్తున్నాయి. తలుపు మూసి ఉంది.

జ్ఞానమ్మ రెండు చేతులతో బాదింది. "అమ్మగారూ! తలుపు తియ్యండమ్మా! పసిపిల్లలున్నారు!"

"ఎవరూ?" లోపల్నించి ఆడగొంతు.

"పల్లెవాళ్ళమండీ! జ్ఞానమ్మనండీ! నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చేశాయండీ!"

లోపల గుసగుసలు. మగగొంతు ఏదో కసిరింది. తర్వాత మళ్ళీ ఆ ఆడగొంతే, వణుకుతూ: "గడియ పట్టేసింది. కాసేపు ఆగండి."

బాదుతున్న చెయ్యి బాదుతున్నట్టే ఆగిపోయింది జ్ఞానమ్మకి. నీళ్ళు కాళ్ళని లాగేస్తున్నాయి, వీపుమీద వాన రాళ్ళలా పడుతోంది, అయినా ఒక్క క్షణం ఆమెకి తన నాయనమ్మ విసిరికొట్టిన చేట కనిపించింది. నాయనమ్మ చిన్నప్పుడే కదా బందరు ఉప్పెన వచ్చింది! ఆటా కాదు, సరసమూ కాదు. ఎవరో పిల్ల నిజంగా తలుపు బాదింది. ఎవరో నిజంగానే గడియ ఆగమన్నారు. ఆ పిల్ల మెడదాకా వచ్చిందని చెప్పింది. ఆ తర్వాత చెప్పటానికి ఆ పిల్ల లేదు. అందుకే పాట అక్కడ అయిపోయింది.

తలుపు తియ్యలేదు. యేసుదాసు అందరినీ గొడ్లసావిడి వెనకున్న వేపచెట్టు దగ్గరికి నడిపించాడు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ కొమ్మలెక్కించి, రూతు కొడుకుని భుజాల మీద కూర్చోబెట్టుకుని, తాను కిందే నీళ్ళలో నిలబడ్డాడు. సాయంత్రానికి నీళ్ళు తగ్గాయి. చెట్టు అందని పసివాళ్ళు ఇద్దరు అప్పటికే కొట్టుకుపోయారు. యేసుదాసుకి చలిజ్వరం పట్టుకుంది. ఊపిరి అందక, ఆ వారం దాటకుండానే పోయాడు.

అప్పట్నించీ జ్ఞానమ్మ లోపల ఆ పాట సుళ్ళు తిరుగుతూనే ఉంది. ఏడుపొచ్చేది కాదు, మండుకొచ్చేది. ఇంత తియ్యటి రాగం దీనికి కట్టినవాడెవడు? నాయనమ్మ నోరు విప్పి చెప్తే ఏం పోయేది? దీన్నా నేను మొగుడితో ఆడుకుంది? దీన్నా నా బిడ్డకి నీళ్ళతోపాటు పోసింది? ఒకరోజు వాకిట్లో మనవడు "బుడుంగు" అని కూలబడితే, లేవదీసి వీపుమీద చరిచింది. ఎందుకు కొట్టిందో వాడికి చెప్పలేక ఇంకో రెండు చరిచింది.

"వాడేం చేశాడే అమ్మా?" అంది రూతు కొడుకుని లాక్కుని.

"ఏం చెయ్యలేదు. మనమూ ఏం చెయ్యలేదు. అదే మండుతోంది నాకు."

ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారు ఆమెని పక్కకి పిలిచారు. "కోపం లోపల పెట్టుకుంటే ప్రార్థన పైకి వెళ్ళదు జ్ఞానమ్మా."

"వెళ్ళకపోతే కిందే ఉండనీండయ్యా," అంది జ్ఞానమ్మ. "నీళ్ళొచ్చింది కిందకే."

కొండలరావు వల్ల కాకపోయేసరికి గోవర్ధనరావే గొడుగు వేయించుకుని గట్టుమీదకి వచ్చాడు. చేలో ఆడవాళ్ళు నారుకట్టలు పట్టుకుని, వంగకుండా నిలబడి ఉన్నారు.

"ఏమే జ్ఞానమ్మా, కోపమొచ్చిందంట?" అన్నాడు నవ్వుతూ. "పోయినవాడు రాడు. నాకు మాత్రం బాధ లేదూ? యేసుదాసులాంటి పనివాడు మళ్ళీ దొరుకుతాడా? సరేలే. ఈ ఇంటిచేను బియ్యమే అమ్మాయి తాంబూలాలకి. గుడివాడనించి పెద్దపెద్దవాళ్ళొస్తారు. మంచి పాట పడాలి."

జ్ఞానమ్మ చేతిలో నారుకట్ట బురద దులిపింది.

"అదే, చిన్నప్పుడు మేమూ ఆడుకునేవాళ్ళం. తలుపు తియ్యి, తలుపు తియ్యి... బలే పాటలే అది. అమ్మాయి కూడా అదే అడిగింది. అది పాడు."

చేలో ఎవరి చేతిలోంచో నారుకట్ట జారి నీళ్ళలో పడింది.

జ్ఞానమ్మ తలెత్తి అతని మొహంలోకి చూసింది. వెటకారమేమన్నా ఉందేమోనని వెతికింది. ఏమీ లేదు. నిజంగానే ముచ్చటపడి అడుగుతున్నాడు. తలుపుకి అవతల నిలబడి ఆ మాటలన్నీ విన్నవాడు, ఆ పాటే కావాలని అడుగుతున్నాడు! మొగుడు పోయినప్పుడు కూడా ఆమెకి అంత కోపం రాలేదు.

"ఆ పాటే కావాలా అయ్యగారూ?"

"ఆ పాటే."

"పాడతాను."

"అమ్మా, వద్దే," అంది పక్కనున్న రూతు, చెయ్యి పట్టుకుని.

"ఆయనే అడిగాడు కదే. వంగు."

జ్ఞానమ్మ ఎత్తుకుంది. ఒక్క మాట మార్చలేదు. రాగమూ అదే. కానీ ఆటలో పిల్లలు తొక్కినట్టు తొక్కలేదు, సరసానికి సాగదీసినట్టు సాగదీయలేదు. తలుపు బాదినట్టు పాడింది. ప్రతి మొక్కనీ ఒక దెబ్బలా బురదలోకి దింపింది. "మోకాటికి వచ్చెనమ్మా" అన్నప్పుడు వరసంతా అందుకుంది. ఆ వరసలో పిల్లని పోగొట్టుకున్న తల్లి ఉంది. వేపకొమ్మని కరుచుకుని కూర్చున్న ముసలామె ఉంది. లోపలామె మాటలు మాత్రం ఎవరూ అనలేదు. ఆ చోట అందరూ ఊరుకున్నారు. నీళ్ళలో చేతుల చప్పుడు ఒక్కటే వినిపించింది.

గట్టుమీద గోవర్ధనరావు తలూపుతూ విన్నాడు. "అద్దీ!" అన్నాడు. గొడుగు కిందే ఇంటికి వెళ్ళిపోయాడు.

భాద్రపదం దాటేసరికి ఇంటిచేను మాటలు నేర్చింది. గాలి మేడ వేపు తిరిగినప్పుడల్లా "తలుపు తియ్యి, తలుపు తియ్యి" అంటూ పచ్చగా ఊగేది. ఊళ్ళో పిల్లలు గట్టుమీద చేరి దానితోపాటు ఆడుకునేవాళ్ళు. బందరునించి చుట్టమెవరో వస్తే గోవర్ధనరావు పనిగట్టుకుని తీసుకొచ్చి వినిపించాడు. అదంతా చూస్తుంటే జ్ఞానమ్మకి పళ్ళు నూరుకోవటమే మిగిలింది. చేను గొంతు చించుకుంటున్నా వీళ్ళకి ఆటగానే వినపడుతోంది. ఎంత నాటినా ఏం లాభం? ఒకరోజు పట్టలేక గట్టుమీంచి మట్టిబెడ్డ తీసి మేడ గోడకేసి విసిరింది. సున్నం మీద మరక పడింది, అంతే.

ఒక్క సంగతి మాత్రం కొండలరావు చెప్పాడు. అమ్మగారు లక్ష్మీకాంతం చేను వేపు కిటికీలు తెరవటం మానేసిందట. ఉక్కపోస్తున్నా తెరవనివ్వటం లేదట. జ్ఞానమ్మ విని, ఉమ్మేసి ఊరుకుంది.

మాఘంలో తాంబూలాల రోజు వచ్చింది. పెరట్లో గాడిపొయ్యి తవ్వి వరసగా గుండిగలు ఎక్కించారు. కట్టెలు కొట్టటానికి పల్లెవాళ్ళని పిలిచారు. సావిడి అవతల, పందిరి కనిపించేంత దూరంలో వాళ్ళ చోటు. పందిట్లో గుడివాడవాళ్ళు పంక్తులు తీరారు. పెళ్ళికొడుకు నాయనమ్మ వీరమ్మగారిని, బాగా పెద్దావిడ, మర్యాదకి పీట వేసి ముందు కూర్చోబెట్టారు.

ఎసళ్ళు కాగి బియ్యం పడ్డాయి. మొదటి గుండిగ ఎత్తుకుంది. *తలుపు తియ్యి తలుపు తియ్యి మేడలో తల్లీ.* పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండోది అందుకునేసరికి మొదటిది మోకాళ్ళదాకా వచ్చింది. మూడోది మొదలయ్యేసరికి మొదటిది నడుముదాకా వచ్చింది. చేలో గాలికి చెదిరిపోయిన పాట ఇక్కడ ఆవిరిలో కూడుకుని పందిరంతా కమ్మేసింది. ఒకటి బతిమాలుతుంటే ఒకటి కేకపెడుతోంది. మాటామాటా మధ్య లోపలామె జవాబుండాల్సిన చోట నీళ్ళు కుతకుతలాడటం తప్ప ఏమీ లేదు. చప్పట్లు ఆగిపోయాయి. వడ్డించేవాళ్ళ చేతులు నెమ్మదించాయి. *మెడకి వచ్చెనమ్మా, తలుపు తియ్యవే.*

వీరమ్మగారు ఇస్తరి ముందు కూర్చుని చెవి ఒగ్గి విన్నది.

"ఎవరి తలుపబ్బాయ్ అది?" అంది.

గోవర్ధనరావు నవ్వాడు. "ఎవరి తలుపేంటండీ, చిన్నపిల్లల పాట. మీ వేపు లేదా?"

"ఉంది. నేనూ ఆడాను. ఇప్పుడు వింటే ఆటలా లేదు. ఇది మొన్నమొన్న బాదినట్టుంది. ఎవరి తలుపు?"

"ఊరికే పాటండీ..."

"మా తలుపేనండి," అంది లక్ష్మీకాంతం.

నేతిగిన్నె చేత్తో పట్టుకుని పంక్తి మధ్యలో నిలబడి ఉంది. ముప్పయ్యేళ్ళ కాపరంలో భర్త మాట్లాడుతుండగా ఆమె నోరు తెరవటం ఎవరూ చూడలేదు.

"పోయినేడు గాలివానకి పల్లెవాళ్ళు వచ్చి ఈ తలుపే కొట్టారు. గడియ పట్టేసిందని చెప్పాను. పట్టలేదు. నేనే వేశాను. యేసుదాసు పోయాడు. ఇద్దరు పసివాళ్ళు పోయారు."

"లక్ష్మీకాంతం!" గోవర్ధనరావు గొంతు పగిలింది. "లోపలికి పో!"

"లోపలే ఉన్నానండీ ఆవేళ. అందుకే తెలుసు."

గుండిగలు ఒకదాని తర్వాత ఒకటి ఉడికి ఊరుకున్నాయి. వీరమ్మగారు ఇస్తరి ముందుకి జరిపి, పందిరి గుంజ పట్టుకుని మెల్లగా లేచింది.

"పిల్లని చేసుకుంటాం. పిల్లేం చేసింది? ఈ అన్నం మాత్రం నాకు దిగదు." చెయ్యి కడుక్కోవటానికి వెళ్ళింది. ఆమె వెనకే పంక్తిలో సగంమంది లేచారు.

మధ్యాహ్నం తిరిగాక, మిగిలిపోయిన అన్నాన్ని కొండలరావు గంపల్లో సావిడి అవతలికి తెచ్చాడు. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"తినబుద్ధి కావట్లేదే," అంది రూతు.

"ఎందుక్కాదు?" జ్ఞానమ్మ ఆకు ముందుకి లాక్కుంది. "నాటింది మనం. కోసింది మనం. వాళ్ళకి దిగకపోతే మనకి దిగకూడదా? తినండర్రా." ముద్ద మీద ముద్ద, ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు తిన్నది.

తింటుండగానే లక్ష్మీకాంతం వచ్చింది. పట్టుచీర, పసుపు పాదాలు, కట్టెపేళ్ళ మధ్యలోంచి తడబడుతూ నడిచొచ్చి ఎదురుగా నిలబడింది. అందరూ లేచారు. జ్ఞానమ్మ లేవలేదు.

"జ్ఞానమ్మా, ఆవేళ ఆయన వెయ్యమన్నారు. వేశాక కూడా నా చెయ్యి గడియ మీదే ఉంది. నువ్వు బాదుతుంటే ఆ దెబ్బలు నా అరిచేతికి తగిలాయి."

"తగిలితే?"

లక్ష్మీకాంతం అరిచెయ్యి తెరిచి చూసుకుంది.

"చెయ్యి గడియ మీద ఉంటే సరిపోద్దా అమ్మగారూ? లాగాలి. చిన్న పనే కదా అది. ఇంత నెయ్యి వడ్డించే చెయ్యేగా!"

పక్కవాళ్ళు "అత్తా, ఊరుకో" అన్నారు. ఊరుకోలేదు. యేసుదాసు భుజాల మీద పిల్లాడితో ఎట్లా వణికాడో, పళ్ళు ఎట్లా టకటకలాడాయో, ఆఖర్న ఊపిరికి ఎట్లా ఎగబీల్చాడో అంతా చెప్పింది. ఒక్కటీ వదల్లేదు. లక్ష్మీకాంతం తల దించుకుని, కదలకుండా, అంతా విన్నది.

అయిపోయాక అంది: "పెద్దకాలవ అవతల మెరకదిబ్బ ఉందిగా, మా నాన్న పసుపుకుంకాలకి ఇచ్చాడు. అది నాది. దానిమీదకి నీళ్ళెప్పుడూ ఎక్కలేదు. పల్లెని అక్కడికి తెచ్చుకోండి."

"అయ్యగారు ఒప్పుకుంటారా?"

"ఆయన్ని అడగను."

జ్ఞానమ్మ చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. "ఇవ్వండి. తీసుకుంటాం. దణ్ణం మాత్రం పెట్టం."

గోవర్ధనరావు రంకెలు వేశాడు. కోర్టన్నాడు, పుట్టింటికి పొమ్మన్నాడు. ఆవిడ పుట్టిల్లు ఆ దిబ్బే అంది. బండి కట్టించుకుని అవనిగడ్డ వెళ్ళి, కాయితాలు రాయించి వచ్చింది. ఆ తర్వాత ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఆమెకి దానివల్ల ఏ పనీ ఆగలేదు. ఎండాకాలంలో పల్లెవాళ్ళు పాత ఇళ్ళ గుంజలూ దూలాలూ ఊడదీసి, భుజాల మీద మోసుకుని, దిబ్బమీద పాతుకున్నారు. ఆ పై ఏడాదుల్లో కాలవకి రెండుసార్లు గండి పడింది. రెండుసార్లూ పాత పల్లె మునిగింది. మునగటానికి అక్కడ మనుషులెవరూ లేరు.

కానీ దానికంటే ముందు, మళ్ళీ శ్రావణం వచ్చినప్పుడు, ఇంకోటి జరిగింది. ఇంటిచేలో జ్ఞానమ్మ వరస కట్టి నిలబెట్టేసరికి గట్టుమీదకి లక్ష్మీకాంతం వచ్చింది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, ఎన్నడూ బురద ఎరగని కాళ్ళతో చేలోకి దిగింది. ఒకసారి జారి, రూతు భుజం పట్టుకుని నిలదొక్కుకుంది.

"నేనూ నాటతాను జ్ఞానమ్మా. ఈ పాటకి ఆఖర్న ఒక చరణం కలుపుదాం. తలుపు తీసినట్టు."

కోపం తగ్గిందేమోనని జ్ఞానమ్మ లోపల తడిమి చూసుకుంది. ఎక్కడికీ పోలేదు, చోటు మారి కూర్చుంది, అంతే.

"తియ్యలేదుగా అమ్మగారూ," అంది. "తియ్యని తలుపు తీసినట్టు పాడితే రేపు పిల్లలు నిజమనుకుంటారు."

లక్ష్మీకాంతం నారుకట్ట నీళ్ళలో దించింది. గట్టు వేపు తిరగబోయింది.

"పోతారేం? వంగండి. లోపలామె మాటలు పోయినేడు ఎవరూ పాడలేదు. ఆ వంతు మీది."

జ్ఞానమ్మ ఎత్తుకుంది. *తలుపు తియ్యి తలుపు తియ్యి మేడలో తల్లీ.* వరసంతా ఆగి చూసింది. లక్ష్మీకాంతం బురదలో చెయ్యి పెట్టి, మొక్కని దింపి, అపస్వరంలో, ఏడుస్తూ, ఒక్కో మాటా అన్నది:

*ఎవరి పిల్లవే నువ్వు, ఎంత తడిసొచ్చావే...*

"గట్టిగా," అంది జ్ఞానమ్మ. "చేనుకి వినపడాలి."